బాల్‌రూములో డ్రాయింగు బల్లలు

మెయిన్‌ఫ్రేం కంప్యూటర్ల మీద పనిచేసినవాళ్లు ఐబీఎం కంపెనీ సాఫ్ట్‌వేరు సిఐసిఎస్ మాన్యువల్ చివరి పేజీ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. పుస్తకంలో తప్పులు కనిపిస్తే రాసి పంపమని ఒక ఫారం, దాంతోపాటు ఒక చిరునామా: హర్స్‌లీ పార్కు, వించెస్టరు, హాంప్‌షైరు, ఇంగ్లండు. తొంభైల చివర్లో వైటూకే తేదీల గొడవ పుణ్యమా అని కోబాల్, జేసీఎల్, సిఐసిఎస్ కోర్సుల ప్రకటనలు హైదరాబాదు అమీర్‌పేట గోడల మీద సినిమా పోస్టర్లతో పోటీపడుతున్న రోజుల్లో నేనూ ఆ పుస్తకాలు మోసినవాణ్నే. అర్ధరాత్రి ప్రోగ్రాం ఏఎస్‌ఆర్‌ఏ అబెండుతో కూలబడితే కారణం కోసం పుస్తకాన్ని అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ తిరగేసే మాబోటివాళ్లకి ఆ చిరునామా అడక్కుండానే కంఠతా వచ్చేసింది.

ఆ చిరునామాలో ఉన్నది టెక్నాలజీ పార్కు కాదు. మధ్యయుగాల్లో వించెస్టరు బిషప్పులు జింకల్ని పెంచి వేటాడుకున్న పార్కు. దాని నడుమ 1721–24 మధ్య కట్టిన ఎర్ర ఇటుక భవంతి ఒకటుంది, హర్స్‌లీ హౌస్. ప్రపంచంలో ఎన్నో బ్యాంకులు దాని పేరు కూడా తల్చుకోకుండా రోజూ వాడుకునే సాఫ్ట్‌వేరు, ఆ దొరల ఇంటి పెరట్లో పెరిగి పెద్దదైందన్నమాట. నాకు చిన్నప్పటినుంచీ ఇళ్ల ప్లాన్ల పిచ్చి. కథల పుస్తకం దొరికినా, ఇంటి నక్షా దొరికినా ముందు నక్షానే చూస్తాను. అలాంటివాడికి ఈ సంగతి తెలిశాక ఇంకేముంది, ఆ ఇంటి చరిత్ర పట్టుకుని వదల్లేదు.

అక్కడ అంతకుముందు వేరే ఇల్లుండేది. ఇంగ్లండుని లార్డ్ ప్రొటెక్టరుగా ఏలిన ఆలివర్ క్రాంవెల్ కొడుకు రిచర్డు ఆ ఇంటికి అల్లుడు. తండ్రి పోయాక 1658లో దేశానికి లార్డ్ ప్రొటెక్టరయ్యాడు. ఏడాది తిరక్కుండానే దిగిపోయి, అప్పులవాళ్లకి దొరక్కుండా చాలాకాలం విదేశాల్లో తిరిగాడు. 1712లో పోతే హర్స్‌లీ చర్చిలోనే పూడ్చారు. కూతుళ్లు ఎస్టేటు అమ్మేశారు. కొన్నవాడు విలియం హీత్‌కోట్. ఇతని పెదనాన్న గిల్బర్టు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకి గవర్నరుగా చేసినవాడు, ఈస్టిండియా కంపెనీ వ్యవహారాల్లో పెద్ద తలకాయ. ఇంగ్లండు పల్లెల్లో కనిపించే ఇలాంటి ఇళ్లని చూసి తరతరాల భూస్వాముల గూళ్లనుకుంటాం గానీ, చాలావాటికి పునాది వేసింది పట్నపు వ్యాపారం డబ్బే. వర్తకుడి ఇంటి పిల్లవాడు పల్లెలో భూమి కొని, ఇల్లు కట్టి, మరో పదేళ్లకి సర్ విలియం అయిపోయాడు.

ఇంటి తీరుని క్వీన్ ఆన్ శైలి అంటారు. పునాది తీసేనాటికి ఆ రాణిగారు పోయి ఏడేళ్లు. శైలులకి రాజుల పేర్లు పెట్టడంలో ఇలాంటి తిరకాసులు మామూలే. ఎర్ర ఇటుక గోడలు, కిటికీల చుట్టూ లేతరంగు రాయి, మధ్యలో గుమ్మం, దానికి అటెన్నో ఇటూ అన్నే కిటికీలు. అలంకారం పెద్దగా ఉండదు, లెక్క ఉంటుంది. ఆ రోజుల్లో కిటికీకి ఇంతని పన్ను. 1696లో మొదలుపెట్టి 1851 దాకా వసూలు చేశారు. బీదవాళ్లు కిటికీలు ఇటుకలతో మూసేసుకున్నారు. ఉన్నవాళ్లు వరసలు వరసలుగా కిటికీలు పెట్టించుకుని, మాకు పన్నొక లెక్కా అన్నట్టు నిలబడ్డారు. పొడవాటి సాష్ కిటికీలు, పలక పైకి జరిపితే గాలి, కిందికి దించితే మూత. రెండొందల ఏళ్ల తర్వాత డ్రాయింగు బల్లల ముందు కూర్చోబోయేవాళ్లకి అంతటి వెలుతురు ముందే సిద్ధంగా ఉందని కట్టినవాళ్లకి తెలియదు.

1902లో ఇల్లు జార్జి కూపర్ చేతికొచ్చింది. స్కాట్లాండు వకీలు. డబ్బు ఆయనది కాదు, భార్యది. అమెరికాలో బ్యాంకు వ్యాపారం చేసి కోట్లు వెనకేసిన బంధువు నుంచి ఆమెకి వారసత్వంగా వచ్చింది. వాళ్లు అబర్డీన్ నుంచి మార్షల్ మెకంజీ అనే ఆర్కిటెక్టుని పిలిపించారు. గ్రానైటు ఊళ్లో చేయి తిరిగినవాడు. తర్వాత లండన్‌లో వాల్డార్ఫ్ హోటలు, ఆస్ట్రేలియా హౌస్ కట్టింది ఆయనే. హీత్‌కోట్ ఇంటిని మధ్యలో అలాగే ఉంచి పక్కలకి పెంచాడు. లోపలి అలంకరణకి డువీన్ కంపెనీ వచ్చింది. యూరప్‌లో చితికిపోయిన దొరల దగ్గర బొమ్మలూ, చెక్కుడుపనులూ కొని, అమెరికా డబ్బున్నవాళ్లకి అమ్మి లాభాలు తీసిన కంపెనీ అది. ఈ ఇంట్లో మాత్రం యూరప్ సరుకు, అమెరికా డబ్బు రెండూ ఇంగ్లండులోనే కలిశాయి.

బాల్‌రూము గోడలకి బిగించిన చెక్క పలకల కథ వేరే చెప్పాలి. పదిహేడో శతాబ్దం చివర్లో వించెస్టరు కాలేజీ ప్రార్థనా మందిరం కోసం చెక్కినవి. పందొమ్మిదో శతాబ్దంలో గోథిక్ మోజు పట్టుకున్నవాళ్లకి అవి పాతచింతకాయ పచ్చడిలా కనిపించి ఊడపీకేశారు. చేతులు మారి మారి ఈ డాన్సుల గదికి చేరాయి. 1960 ప్రాంతంలో ఆ స్కూలువాళ్లే వాటికోసం ప్రత్యేకంగా కొత్త హాలు కట్టించి వెనక్కి తెచ్చుకున్నారు. ప్రార్థన, నాట్యం, స్కూలు సభ: పలకలు మూడూ చూశాయి. ఇల్లు మాత్రం ఎక్కడికీ కదలకుండా అంతకంటే ఎక్కువ చూసింది.

ఇక్కడొక మాట. ఇలాంటి ఇల్లు ఆఫీసైందనగానే చాలామంది నిట్టూరుస్తారు. పియానో ఉన్నచోట ప్రింటరు, పడగ్గదిలో పేరోల్ సెక్షను, ఎంత పతనం అని. నాకు ఆ నిట్టూర్పు ఎప్పుడూ అంటలేదు. ఎందుకంటే ఈ ఇళ్లు అంతకుముందు కూడా ఇళ్లు కావు. కనీసం వాటిలో తెల్లారి లేచినవాళ్లలో ఎక్కువమందికి కావు. దొరగారి కుటుంబం అయిదుగురో ఆరుగురో అయితే, వాళ్లకి వండేవాళ్లు, వడ్డించేవాళ్లు, దీపాలు తుడిచేవాళ్లు, గుర్రాలు చూసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు అంతకి ఎన్నో రెట్లు. వాళ్లకది పనిచేసే చోటు. 1911 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండు, వేల్సులలో ఇళ్లలో పనికి కుదిరినవాళ్లు పది లక్షలు దాటారు. గనుల్లో దిగేవాళ్లని కార్మికులన్నారు గానీ వీళ్లని ఆ మాట అన్నవాళ్లు తక్కువ.

ప్లాను చూస్తే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. రాబర్ట్ కెర్ అనే ఆర్కిటెక్టు 1864లో పెద్దమనుషుల ఇళ్లు ఎలా కట్టాలో చెబుతూ లావుపాటి పుస్తకం రాశాడు. అందులో వంటవాళ్లకి, బట్లరుకి, హౌస్‌కీపరుకి ఎవరి గది వాళ్లకుంది. నౌకర్ల మెట్లు వేరు, దొరల మెట్లు వేరు. దొరగారు కౌలుదార్లతో మాట్లాడ్డానికి ప్రత్యేకంగా ఒక పని గది, దానికి బయటినుంచి విడిగా దారి. కౌలు కట్టడానికొచ్చిన రైతు బురద బూట్లతో ఇంటివాళ్ల కంట పడకూడదు కదా. ఈ మాటలు చదువుతుంటే నాకు మా ఊరి కరణంగారి అరుగు కళ్లముందు మెదిలింది. చిట్టాలు, అడంగళ్లు, దస్త్రాల మూటలు అన్నీ ఆ అరుగు మీదే; వచ్చినవాడు కూర్చున్న చోటునిబట్టి వాడి హోదా చెప్పేయొచ్చు, గుమ్మం దాటి లోపలికి పిలిచారంటే చుట్టరికమైనా ఉండాలి, అవసరమైనా ఉండాలి. కరణంగారికి ఒక అరుగు సరిపోయింది. ఇంగ్లండు దొరకి అదే పనికి ఒక వింగు కావలసొచ్చింది. అంతస్తుల తేడాయే తప్ప పద్ధతి తేడా కాదు. రిసెప్షను, వెయిటింగు రూము, పై అధికారి గది, వెనక క్యాంటీను, కింది ఉద్యోగులకి వేరే మెట్లు: ఇరవయ్యో శతాబ్దపు హెడ్డాఫీసుకి కావలసినవన్నీ పద్దెనిమిదో శతాబ్దపు ఇంట్లో ముందే ఉన్నాయి. బల్లలు తేవడమొక్కటే తరువాయి.

ఆ బల్లలు 1940 డిసెంబరులో వచ్చాయి. హర్స్‌లీకి దగ్గర్లో సౌతాంప్టన్ నగరం, అందులో వూల్‌స్టన్ పేటలో సూపర్‌మెరీన్ కంపెనీ. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం పుట్టిల్లు. ఆ ఏడాదే సెప్టెంబరు 24న, మళ్లీ 26న జర్మన్ విమానాలు ఆ ఫ్యాక్టరీల మీద బాంబులు కురిపించాయి. పనివాళ్లు చాలామంది చనిపోయారు. మిగిలిన యంత్రాలన్నీ ఒకేచోట పెడితే మళ్లీ అంతే అవుతుందని, పనిని ముక్కలు చేసి ఊరూరా పంచేశారు. కార్ల గ్యారేజీలు, బస్సు డిపోలు, బట్టలుతికే లాండ్రీలు అన్నీ విమానం రెక్కలో, తోకలో తయారుచేసే షెడ్లయిపోయాయి. ఈ చెల్లాచెదరైన ఫ్యాక్టరీ అంతటికీ ఒక తలకాయ కావాలి, దానికి హర్స్‌లీ హౌస్ దొరికింది. ప్రభుత్వం ఇంటిని స్వాధీనం చేసుకుంది. జార్జి కూపర్ ఆ ఏడాది మొదట్లోనే పోయాడు. విధవరాలు లేడీ కూపర్ కొంతకాలం అదే ఇంట్లో ఒకపక్క ఉండిపోయింది. అమ్మగారు ఒకవైపు, డ్రాఫ్ట్స్‌మెన్ ఒకవైపు. రోజుకి ఎన్నిసార్లు ఎదురుపడి ఎన్నిసార్లు తలలు తిప్పుకున్నారో ఎవరైనా రాసిపెట్టి ఉంటే బాగుండేది.

స్పిట్‌ఫైర్‌ని మొదట గీసిన ఆర్.జె. మిచెల్ 1937లోనే కేన్సరుతో పోయాడు. బాధ్యత జోసెఫ్ స్మిత్ మీద పడింది. శత్రువు కొత్త విమానం తెచ్చిన ప్రతిసారీ స్పిట్‌ఫైర్ ఇంజను మార్చాలి, రెక్క మార్చాలి, తుపాకులు మార్చాలి. అలా మారి మారి మార్క్ 24 దాకా వెళ్లింది. మొత్తం ఇరవై వేలకు పైగా విమానాలు. ఆ మార్పుల్లో ఎక్కువభాగం గీసింది హర్స్‌లీలోనే, మొదట్లో బాల్‌రూములోనే. తర్వాత జనం పెరిగితే తోటలో పెద్ద హ్యాంగరు లాంటి షెడ్డు వేసి డ్రాయింగు ఆఫీసు అందులోకి మార్చారు. డాన్సు చేయడానికని నున్నగా మెరిపించిన నేల మీద వరసగా వాలు బల్లలు, టీ స్క్వేర్లు, పెన్సిలు పొట్టు. నా మట్టుకు నేను ఆ గది అందాన్ని తల్చుకుంటే వాల్ట్జు అడుగులు కనిపించవు, ఆ పెన్సిలు పొట్టే కనిపిస్తుంది. డువీన్ పెట్టించిన అలంకారం కంటే ఆ గదికి అదే ఎక్కువ నప్పిందని నా పక్షపాతం.

యుద్ధం అయ్యాక మామూలుగా ఏం జరగాలి? ఇంగ్లండంతటా ఏం జరిగిందో అదే. 1894లో మొదలైన వారసత్వపు పన్ను ఏటికేడూ పెరిగింది. నౌకర్లు ఫ్యాక్టరీలకి వెళ్లిపోయారు. సైన్యం వాడి వదిలేసిన ఇళ్లకి కప్పులు కారుతున్నాయి, బాగుచేయించే స్తోమత లేదు. సీసం, పలకలు, చిమ్నీ చెక్కడాలు ఊడదీసి వేలం వేసి, మిగిలిన గోడల్ని పడగొట్టడం రివాజైపోయింది. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ శతాబ్దంలో నేలమట్టమైన ఇళ్ల మీద ప్రదర్శన పెడితే వెయ్యికి పైగా లెక్కతేలాయి. హర్స్‌లీకి ఆ గతి పట్టలేదు, కారణం దాన్ని ఎవరో ప్రేమించడం కాదు. ఖాళీ కాకపోవడం. సూపర్‌మెరీన్ వెళ్లిపోతుండగానే 1958లో ఐబీఎం వచ్చింది. అదీ తాత్కాలికంగా, వేరే చోటు దొరికేదాకా అనుకుని. వేరే చోటు దొరకలేదో, ఈ చోటే నచ్చిందో, 1963లో కొనేసింది.

పాత ఇంట్లో ఆఫీసు పెట్టడం చెప్పినంత తేలిక కాదు. మొదటి చిక్కు బరువు. బ్రిటిష్ ఇంజనీర్ల లెక్కలో ఇంటి గది నేల చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు మోస్తే చాలు. ఆఫీసు నేల 250 మోయాలి. కాగితాలు బీరువాల నిండా పేర్చే గది దానికి రెట్టింపు. తమాషా ఏమిటంటే, జనం గుంపుగా నాట్యం చేసే హాలుకి కూడా అదే లెక్కల్లో 500 దాకా చెబుతారు. ఎగిరే కాళ్లూ పడుకున్న ఫైళ్లూ నేలకి సమానమే. రెండో చిక్కు తీగలు. గోడకి గాడి కొడితే మూడొందల ఏళ్ల సున్నపు పూత ఊడొస్తుంది. అందుకని నిప్పు ఆరిపోయిన చిమ్నీ గొట్టాల్లోంచి, నేలచెక్కల అడుగునుంచి, నౌకర్ల గంటల తీగలు ఒకప్పుడు పాకిన దారుల్లోంచి టెలిఫోన్లు, కంప్యూటర్ల కేబుళ్లు లాగుతారు. అమ్మగారు గంట కొడితే కింద వంటింట్లో మోగే తీగ ఉన్న దారిలోనే ఇప్పుడు సర్వరుకి సందేశం వెళ్తుంది. మూడోది చట్టం. 1947 నుంచి రక్షిత కట్టడాల జాబితా ఉంది. అందులో పేరెక్కిన ఇంట్లో అనుమతి లేకుండా మార్పు చేస్తే జరిమానాతో పోదు, జైలు శిక్ష కూడా పడొచ్చు. మన దగ్గర చారిత్రక కట్టడం పక్కన ఫ్లెక్సీ కట్టడానికి మేకు కొట్టేవాణ్ని చూసినప్పుడల్లా నాకు ఈ చట్టం మీద అసూయ పుడుతుంది. దాంతో వేగాల్సిన ఆఫీసు మేనేజర్ల మీద జాలి కూడా.

కంప్యూటర్లు మాత్రం ఎంత బతిమాలినా ఈ ఇంట్లో ఇమడలేదు. అప్పటి యంత్రం అంటే గదినిండా బీరువాలు, చల్లగాలి, ఎత్తుగా లేపిన నేల. అందుకే పార్కులో ఇంటికి దూరంగా పెద్ద పెద్ద బ్లాకులు లేచాయి. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టం 360 కుటుంబంలో మోడల్ 40 హర్స్‌లీలో తయారైనదే. కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ చెప్పిన మైక్రోప్రోగ్రామింగు ఆలోచనని పట్టుకుని, జాన్ ఫెయిర్‌క్లవ్ లాంటివాళ్లు ఇక్కడ చేసిన ప్రయోగాలే దానికి దారి వేశాయి. అమెరికాలో 1969లో పుట్టిన సిఐసిఎస్ బాధ్యత 1974లో ఇక్కడికొచ్చింది. ఎనభైల్లో ఆక్స్‌ఫర్డ్ గణితవేత్తలతో కలిసి దాని ప్రోగ్రాముల్ని లెక్కల భాషలో రాసి సరిచూశారు; ఆ పనికి 1992లో రాణిగారి పురస్కారం. ఇవన్నీ కొత్త బ్లాకుల్లో జరిగిన పనులు. మరి ఇంట్లో? మేనేజర్లు, సమావేశాలు, వచ్చిన కస్టమర్లని కూర్చోబెట్టి మాట్లాడే గదులు, కింది అంతస్తులో పాత యంత్రాల మ్యూజియం.

అంటే చూడండి, చుట్టూ తిరిగి ఇంటికి దాని పాత ఉద్యోగమే దొరికింది. విలియం హీత్‌కోట్ ఆ వరస కిటికీలు పెట్టించింది వచ్చినవాళ్లు చూసి మాట తగ్గించడానికి. కూపర్లు బాల్‌రూము కట్టించింది కూడా అందుకే. కోట్ల పౌండ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టబోయే బ్యాంకు అధికారి ఆ మెట్లెక్కినప్పుడు ఇల్లు చేసేదీ అదే. ఇటుకకి ఆ పని వచ్చు. అద్దాల మేడకి ఇంకా నేర్పాలి.

మన హైదరాబాదులో కోఠీ రెసిడెన్సీ కూడా ఈ జాతిదే. బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టించిన ఇల్లు, ప్లాను గీసింది శామ్యూల్ రస్సెల్ అనే లెఫ్టినెంటు. ముందు ఎత్తైన స్తంభాలు, లోపల దర్బారు హాలు. ఇంగ్లండు పల్లె ఇంటిని ఎత్తుకొచ్చి మూసీ ఒడ్డున దించినట్టుంటుంది. అదీ పుట్టుకతోనే సగం ఆఫీసే. రెసిడెంటు నిద్రపోయే కప్పు కిందే కంపెనీ రాజకీయం నడిచింది. 1949లో ఆడపిల్లల కాలేజీ అందులోకి వచ్చింది. నిజాంల రాజ్యాన్ని ఒక కంటితో కనిపెట్టి ఉండడానికి కట్టిన హాళ్లలో తరతరాల తెలుగు, ఉర్దూ ఆడపిల్లలు చదువుకున్నారు. ఆ ఇంటికి అంతకంటే మంచి అద్దెదారులు వస్తారని నేననుకోను. అయితే పెద్ద కంపెనీకున్నంత బడ్జెట్టు కాలేజీకి ఉండదు కనక కప్పు చాలా ఏళ్లు కారింది. ఆ బాధ హర్స్‌లీకి లేకపోయింది.

ఇప్పుడు గాలి మళ్లీ తిరుగుతోంది. యుద్ధంలో లండన్ సిటీ ఆఫీసులు బాంబులకి కూలితే, మేఫెయిర్‌లోని పాత ఇళ్లని తాత్కాలికంగా ఆఫీసులుగా వాడుకోమని అనుమతులిచ్చారు. ఆ తాత్కాలికం 1990 దాకా సాగింది. గడువు తీరాక వాటిలో చాలావాటిని మళ్లీ ఇళ్లు చేశారు. ఇప్పుడు కొనేవాళ్లు ప్రపంచం నలుమూలలనుంచీ వచ్చే కుబేరులు. కరోనా తర్వాత ఆఫీసులకి వెళ్లేవాళ్లే తగ్గారు. ఇళ్లు ఆఫీసులవుతుంటే ఆఫీసులు ఇళ్లవుతున్నాయి. హర్స్‌లీ కూడా ఏదో ఒకరోజు మళ్లీ ఎవరో ఒకరి సొంత ఇల్లు కావచ్చేమో. అయినా పెద్ద తేడా ఉండదు. అంత ఇంటిని నడపాలంటే ఒక ఎస్టేటు మేనేజరు కావాలి, ఇద్దరు అకౌంటెంట్లు, ఒక సెక్యూరిటీ ఏజెన్సీ, తోటపని కాంట్రాక్టరు, రక్షిత కట్టడం అనుమతుల కోసం తిరగడానికి ఒక వకీలు కావాలి. వాళ్లంతా కూర్చోవడానికి కింది అంతస్తులో ఎక్కడో ఒక ఆఫీసు పెట్టాలి. వెలుతురున్న గదులు చూసి ఇస్తే బాగుంటుంది.